అతుకు దాటి వచ్చే జిగురుకు బహిరంగ లేఖ

చెక్కలు బిగించగానే సందులోంచి ఉబికి వచ్చే జిగురూ,

నువ్వు చేసే నష్టం పని జరుగుతుండగా కనబడదు. చిత్రిక పట్టి, ఎమరీ కొట్టి, అంతా నున్నగా ఉందనుకుని స్టెయిన్ వేసిన రోజున బయటపడతావు. టేకు తలుపు చట్రం మూల దగ్గర అంగుళం మేర పాలిపోయిన మచ్చ. చుట్టూ ఉన్న చెక్క రంగు పీల్చుకుంటుంది, నువ్వు ఆరిన చోట మాత్రం పీల్చుకోదు. రంధ్రాల్లోకి దిగి ప్లాస్టిక్ పొర కట్టి కూర్చుంటావు. తలుపు చేయించుకున్నవాళ్ళు ఆ మచ్చను రోజూ చూస్తూ, చెక్కే మంచిది కాదేమో అనుకుంటారు. నాకు కోపం అందుకే. మంచి టేకుకు నీవల్ల చెడ్డపేరు.

నిన్ను తడిగుడ్డతో తుడిచేయడం చాలామందికి అలవాటు. నాకది సుతరామూ నచ్చదు. నువ్వు నీళ్ళలో కలిసే తెల్ల జిగురువి, పాలీవినైల్ అసిటేట్‌వి. తడి తగిలితే పల్చబడి, అంగుళం ఉన్నదానివి నాలుగంగుళాలు పాకుతావు. పైగా చెక్క నూగు లేచి గరుకవుతుంది. ఓ 30 నిమిషాలు ఆగితే రబ్బరులా ముదురుతావు. అప్పుడు పదునైన ఉలిని పడుకోబెట్టి తోస్తే శుభ్రంగా ఊడి వస్తావు. రాత్రంతా వదిలేస్తే బిగిసిపోయి, వచ్చేటప్పుడు చెక్క పోగుల్ని కూడా పీక్కుపోతావు.

అసలు నీ సంగతి తేలాల్సింది అతుకు మూయకముందు. చెక్క కొసన చెక్కిన కుసికి దట్టంగా పూసి బెజ్జంలోకి కొడితే, బెజ్జం అంచు నిన్ను గీకి మొత్తం బయటికే నెడుతుంది. అదే బెజ్జం లోపలి గోడలకు సన్నపుల్లతో పూసి, కుసికి పల్చటి పూత మాత్రమే ఇస్తే, కుసి దిగుతూ నిన్ను కిందికి తోసుకుపోతుంది. ఆ కింద నీకు చోటుండాలి. అందుకే బెజ్జాన్ని కుసి పొడవు కన్నా ఓ 2 మిల్లీమీటర్లు లోతుగా తవ్వుతాను. బెజ్జం మూతిని ఉలితో కాస్త ఏటవాలుగా చెక్కితే, పైకి తన్నుకొచ్చేది కూడా ఆ గాట్లోనే ఆగుతుంది, బిగించాక గాటు కనబడదు. గుండ్రటి డోవెల్ పుల్లలతో ఇంకాస్త జాగ్రత్త కావాలి. గాలికీ జిగురుకూ దారిలేకపోతే సుత్తి దెబ్బకు చెక్కే చీలవచ్చు. పుల్ల పొడవునా ఒక గాడి తీస్తే ఆ బాధ ఉండదు.

ఉలి అందని చోట్లు నీకు మరీ ఇష్టం. కుర్చీ కాలు, అడ్డపట్టీ కలిసే లోపలి మూలలు అలాంటివి. అక్కడ జిగురు లేకుండా ఒకసారి బిగించి చూసుకుని, అతుకు అంచు వెంబడి మాస్కింగ్ టేప్ అంటించి, విప్పి, అప్పుడు జిగురు పూస్తే టేపు మీదే ఆగిపోతావు. అంతకన్నా నమ్మకమైన దారి, బిగించకముందే పాలిష్ వేసేయడం. అతుక్కోవాల్సిన ముఖాలకు మాత్రం పాలిష్ చుక్క తగలకూడదు. పాలిష్ మీద నీకు పట్టు దొరకదు, గోటితో గిల్లితే పెచ్చుగా లేచిపోతావు.

నువ్వు బొత్తిగా కనబడకపోయినా నాకు అనుమానమే. పలకల్ని అంచుకు అంచు కలిపి బల్ల పైభాగం చేసేటప్పుడు, క్లాంపులు బిగించాక సందు పొడవునా సన్నటి చుక్కలు వరసగా రావాలి. ఎక్కడైనా రాలేదంటే అక్కడ జిగురు చాలకపోయి ఉండవచ్చు, ఎప్పుడో ఆ అతుకు నోరు తెరుస్తుంది. కాబట్టి బల్ల దగ్గర ఆ చుక్కల వరకు నిన్ను రానిస్తాను. ధార కట్టావంటే మాత్రం పూసిన చెయ్యి దండిగా పడిందన్నమాటే.

స్టెయిన్ డబ్బా మూత తీసే ముందు ప్రతి అతుకు మీదా థిన్నర్ గుడ్డ ఆడిస్తాను. తడిసిన చెక్క నల్లబడుతుంది, నువ్వున్న చోటు తెల్లగా తేలుతుంది. స్క్రేపర్ పక్కనే పెట్టుకుని ఉంటాను.

ఇట్లు
ఒక వడ్రంగి