నేను చేతక్‌ని కాను

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోయే రోడ్డు మీద నన్ను చూసినవాళ్లు చాలామంది "పాత చేతక్ భలే ఉండాదే" అంటారు. నేను చేతక్‌ని కాను. నా పేరు పుష్పక్. హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ బండిని. ఆల్విన్ ఫ్రిజ్‌లు, ఆల్విన్ వాచీలు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, ఆ పేరుతో స్కూటర్ కూడా వచ్చిందంటే నమ్మేవాళ్లు తక్కువ. గొప్ప కోసం చెప్పుకునే మాట కాదిది. ఈ తేడా తెలియనివాడి చేతిలో పడితే నా ప్రాణం పోతుంది. చేతక్‌కి పోసే లెక్కన నాకు 2టీ ఆయిల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. చేతక్ క్లచ్ వైరు నాకు సరిపోదు. దాని పిస్టన్, దాని పాయింట్లు, దాని క్లచ్ ప్లేట్లు ఏవీ నాకు పనికిరావు. ఒక్క టైరూ ట్యూబూ మాత్రం కుదురుతాయి. రెంటికీ 3.50-10 సైజే.

మా వంశం ఇటలీది. మిలాన్‌లో లాంబ్రాటే అనే పేట ఉంది. ఇన్నోచెంతి కంపెనీ అక్కడే 1947లో లాంబ్రెట్టా స్కూటర్లు చేయడం మొదలుపెట్టింది. 1950ల్లోనే అవి బొంబాయికి వచ్చాయి. ఇటలీలో తయారీ ఆగిపోయాక ఆ యంత్రాలను, డ్రాయింగులను మన ప్రభుత్వం కొని, 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా అనే సంస్థ పెట్టింది. 1975 నుంచి అక్కడ బండ్లు తయారయ్యాయి. మన దేశంలో అమ్మినవాటి పేరు విజయ్ సూపర్, బయటి దేశాలకు పంపినవాటి పేరు లాంబ్రెట్టా. నా ఇంజను ఆ ఇంటి బిడ్డే. 148 సీసీ, 57 మిల్లీమీటర్ల బోరు, 58 స్ట్రోకు, నాలుగు గేర్లు. ముందువైపు నా వంపు 1969లో వచ్చిన, బెర్టోనే స్టూడియో గీసిన జీపీ మోడల్‌ది. ఈ సంగతులన్నీ ఎందుకంటే, సామాను కొట్టుకు పోయినప్పుడు ఏ పేరు చెప్పి అడగాలన్నది వీటిలోనే ఉంది.

నన్ను 1980ల్లో కొన్నది ఒక బడిపంతులు. చేతక్‌కి డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసే కాలం అది. ఆయనకు అంత ఓపిక లేదు, రోజూ కాలువ దాటి బడికి పోవాలి. నేను త్వరగా దొరికాను. ముందు నిలబడే పిల్లవాడు, వెనక అమ్మ, కాళ్ల దగ్గర బియ్యం మూట, ఇంత బరువుతోనూ బకింగ్‌హామ్ కాలువ వంతెన ఎక్కేదాన్ని.

సముద్రం పక్కన బతికే బండికి మొదటి శత్రువు దూరం కాదు, ఉప్పుగాలి. మైపాడు దగ్గర గాలిలో ఎప్పుడూ ఉప్పు తడి ఉంటుంది. అది ముందు కేబుళ్లలోకి దిగుతుంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల తీగ పోగుపోగుగా తెగుతుంటుంది. తర్వాత చక్రం రిమ్ముల మీద పడుతుంది. నా రిమ్ము రెండు ముక్కలు, బోల్టులతో బిగించినది. ఆ బోల్టులు తుప్పు పట్టి కరుచుకున్నాయంటే పంచరు వేసేవాడు నన్ను తిట్టని రోజుండదు. తర్వాత కాళ్ల కింద రేకు, పక్క డబ్బాల అడుగు అంచు. అయితే నాకొక అదృష్టం ఉంది. చేతక్‌కి రేకే శరీరం, రేకు చివికితే బండి చివికినట్టే. నాకు లోపల ఇనప గొట్టం ఫ్రేము వేరు, దాని మీద బిగించిన రేకులు వేరు. రేకు పోతే కోసేసి కొత్తది వెల్డింగ్ చేయొచ్చు. ఇన్నేళ్లు ఈ గాలిలో నిలిచానంటే ఆ గొట్టం వల్లే. పంతులుగారు బీచి నుంచి వచ్చిన రోజు మంచినీళ్లతో కడిగి, ఆరాక కేబుళ్లలోకి కాస్త ఆయిల్ దించేవారు. అంతకుమించి మందు నేను ఎరగను.

నన్ను బాగుచేసినవాడు భాయ్. ఊళ్లో అందరూ అలాగే పిలిచేవాళ్లు. ఆయన షెడ్డులో కాగితం ముక్క ఉండేది కాదు, అంతా చెవిలోనే. "పంతులుగారూ, చైను వదులైంది, ఇనబళ్లా?" అనేవాడు. నా గేర్లకూ ఇంజనుకూ మధ్య మూసిన కేసింగ్‌లో చైను ఉంటుంది, ఆయిల్లో మునిగి తిరుగుతుంది. బయటికి కనపడదు. వదులైతే కేసింగ్‌కి తగిలి చిన్నగా టకటకమంటుంది. ఆ చప్పుడు పట్టుకునే చెవి ఆయనది. ఆ కేసింగ్‌లో పోయాల్సింది 90 నంబరు గేరాయిల్, ముప్పావు లీటరుకి కాస్త తక్కువ. చేతక్‌కి పోసే 30 నంబరు కాదు. ఇది ఆయనకు తెలుసు. ఎవరికీ రాసి ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు.

ఆయన దగ్గర ఒక పుల్లర్ ఉండేది. నా మాగ్నెట్ ఊడదీయాలంటే దాని మధ్యనున్న మరలోకి ఎక్కించే పుల్లర్ కావాలి. అది లేకుండా పాయింట్లు మార్చలేరు, కండెన్సర్ మార్చలేరు. భాయ్ దాన్ని నెల్లూరులో లేతు మీద ఆడించి తెచ్చుకున్నాడు. బొటనవేలంత బోల్టు, దానికి తొడిగిన గుండ్రటి ఇనప కప్పు, అంతే. భాయ్ చనిపోయాక షెడ్డు ఖాళీ చేసినవాళ్లకు అదేంటో తెలియలేదు. డబ్బాలో ఉన్న పాత నట్లతో కలిపి తూకానికి వేశారు. ఆయన పోయిన బాధ ఒకటి, ఆ పుల్లర్ పోయిన బాధ ఇంకొకటి. రెండోదాన్ని గుర్తించినవాళ్లు లేరు.

అప్పటికే రొయ్యల కాలం వచ్చింది. పంతులుగారి అబ్బాయి కాలువ పక్క పొలం తవ్వి చెరువు వేశాడు. నా మీద మేత బస్తాలు, సీడు తెచ్చే ప్లాస్టిక్ సంచులు, రాత్రిపూట చెరువు గట్టుకి పోయే టార్చిలైటు, అన్నీ ఎక్కాయి. 1994లో తెల్లమచ్చ వైరస్ ఈ తీరమంతా తుడిచేసింది. అబ్బాయి చెరువూ పోయింది, బాకీలు మిగిలాయి. నన్ను కొట్టంలో గడ్డివామి పక్కన పెట్టి పట్టా కప్పారు. నేను అక్కడున్న కాలంలోనే లక్నోలో స్కూటర్ల తయారీ ఆగిపోయింది. 1997 తర్వాత ఒక్క స్కూటర్ రాలేదు. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ సంస్థనే మూసేయడానికి ఒప్పుకుంది. హైదరాబాద్‌లో ఆల్విన్ అంతకుముందే చెదిరిపోయింది. అంటే నన్ను కన్నవాళ్లలో ఎవరూ మిగల్లేదు.

నన్ను మళ్లీ బయటికి తీసింది పంతులుగారి మనవరాలు, పాలిటెక్నిక్ చదివిన పిల్ల. ముందు టౌన్లో ఒక మెకానిక్ దగ్గరికి తోసుకుపోయారు. అతను మంచివాడే, పనిమంతుడే. కానీ అతనికి తెలిసింది చేతక్. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల 2టీ కలపమన్నాడు. నాకు 40 కావాలి. ఇంజను విప్పి బిగించేటప్పుడు పాటు, అంటే సిలిండరు, మీది రేకు కౌలు అడ్డంగా ఉందని పక్కన పెట్టేశాడు. నా ఇంజను రేకుల మధ్య మూసి ఉంటుంది, గాలి దానంతట అది తగలదు. మాగ్నెట్‌కున్న ఫ్యాను రెక్కలు గాలిని తోస్తే, ఆ కౌలు దాన్ని పాటు చుట్టూ తిప్పుతుంది. కౌలు లేకపోతే గాలి పక్కలకు పోతుంది. సగం ఆయిలు, అసలు లేని గాలి. గంగపట్నం దాటక ముందే పిస్టన్ పట్టేసి వెనక చక్రం కీచుమని ఆగింది. పిల్ల క్లచ్ నొక్కి ఉండకపోతే ఇద్దరం పడిపోయేవాళ్లం.

సామాన్ల వేట అక్కడ మొదలైంది. నెల్లూరు కొట్లలో "పుష్పక్ పిస్టన్" అంటే మొహాలు చూసుకున్నారు. "అదేం బండమ్మా?" అన్నారు. వాళ్ల తప్పు కాదు, నాలాంటివి ఆ కౌంటరు ముందుకి వచ్చి పాతికేళ్లు దాటింది. పిల్ల చెన్నై రైలెక్కింది. జీపీ రోడ్డు కొట్లు తిరిగి, పుదుపేట సందుల్లోకి పోయింది. పాత బండ్లు విప్పి ముక్కముక్కా అమ్మే పేట అది. అక్కడ ఒక ముసలాయన విరిగిన పిస్టన్‌ని చేతిలో తిప్పి చూసి, "పుష్పక్ గిష్పక్ అని అడగొద్దు పాపా. విజయ్ సూపర్ అను. లేదంటే లాంబ్రెట్టా 150 అను, తీసిస్తారు" అన్నాడు. ఆ ఒక్క మాటతో దారి తెరుచుకుంది. ఇంగ్లండులో లాంబ్రెట్టా నడిపేవాళ్ల క్లబ్బులు ఇప్పటికీ ఉన్నాయి. లక్నో బండ్లూ సామాన్లూ ఎన్నో ఓడలెక్కి అక్కడికి పోయాయి. వాళ్లు అడుగుతున్నారు కాబట్టే పిస్టన్లు, రబ్బర్లు, క్లచ్ ప్లేట్లు ఇంకా కొత్తగా తయారవుతున్నాయి. వాళ్ల పుస్తకాల్లో నా నట్టునట్టుకీ బొమ్మ ఉంది, నంబరు ఉంది. పిల్ల వాటిని ప్రింటు తీసి, పంతులుగారి హాజరు పట్టీ అట్ట తొడిగింది.

ఓవర్‌సైజు పిస్టన్ దొరికింది, దానికి తగ్గట్టు పాటు బోరు కొట్టించారు. బేరింగుల దగ్గర మాత్రం పిల్ల మొహం వెలిగింది. నా క్రాంకుకి చైను వైపు 6305, మాగ్నెట్ వైపు ఎన్‌యూ 205. బేరింగుకి కంపెనీ బండి పేరుతో పని లేదు, నంబరు చాలు. 6305 పంపు మోటార్లలోనూ వాడతారు, రొయ్యల చెరువులున్న ఏ ఊళ్లోనైనా మోటారు రిపేరు కొట్లో అడిగితే ఇస్తారు. ఇన్నాళ్లూ ఎక్కడో ఉందనుకున్నది ఇంటి పక్కనే ఉంది. పాత బండి పెట్టుకున్న ప్రతి ఇంట్లో నేను రాసి పెట్టుకోమనేది ఇలాంటివే. ఏది ఆ బండికి మాత్రమే దొరికేది, ఏది ఎక్కడైనా దొరికేది. మొదటిదాని కోసం చెన్నై పోవాలి, దొరికినప్పుడు రెండు కొని దాచుకోవాలి. రెండోదాని కోసం వీధి చివరికి పోతే చాలు.

కేబుళ్లు పిల్లే చేసుకుంటోంది. క్లచ్‌కి ఒకటి, గేర్లకు రెండు, యాక్సిలరేటర్‌కి, బ్రేకులకు. తీగ చుట్టలుగా కొని, పాత దాని పక్కన పరిచి కొలిచి కోస్తుంది. చివర పోగులు విడదీసి, నిపిల్‌లోకి దూర్చి, విచ్చిన పోగుల మీద టంకం కరిగించి పోస్తుంది. పోగులు విప్పకుండా టంకం పోస్తే మూడోసారి క్లచ్ నొక్కగానే ఊడొస్తుంది. పుల్లర్ కొత్తది తెచ్చింది. దాన్ని డబ్బాలో వేయలేదు, గోడకి మేకు కొట్టి తగిలించింది, కింద చాక్‌పీసుతో పేరు రాసింది.

ఇప్పుడు నాకున్న దిగులు పెట్రోలు. ఒకప్పుడు బంకులో 2టీ కలిపి పోసే చిన్న పంపు పక్కనే ఉండేది. ఇప్పుడు పిల్ల సీసాలో కొలిచి తీసుకుపోవాలి. పైగా పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. మా తీరంలో తేమకి కొరత లేదు. నెల రోజులు కదలకుండా నిలబడితే ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, కార్బొరేటర్ జెట్టు మూసుకుపోతుంది, పాత రబ్బరు పైపు మెత్తబడి ఉబ్బుతుంది. అందుకే ఎక్కువ రోజులు ఆపాలంటే పిల్ల పెట్రోలు కుళాయి కట్టేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయి ఇంజను ఆగేదాకా నడుపుతుంది.

కాగితాల సంగతీ ఉంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో రెండు చక్రాల బండికి ఆ ఫీజు 300 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. యాభై ఏళ్లు నిండిన బండ్లకు వింటేజ్ అని వేరే నంబరు ఇచ్చే నిబంధన 2021లో వచ్చింది గానీ, నాకింకా ఆ వయసు రాలేదు.

జువ్వలదిన్నె నుంచి తూపిలిపాళెం దాకా ఈ ఒడ్డున ఎవరి కొట్టంలోనైనా పుష్పక్ గానీ విజయ్ సూపర్ గానీ పడి ఉంటే, దయచేసి కిక్కు కొట్టొద్దు. ప్లగ్గు ఊడదీసి ఒక చెంచా 2టీ ఆయిల్ పోసి రెండ్రోజులు వదిలేయండి. తర్వాత ఫ్యాను పట్టుకుని చేత్తో మెల్లగా తిప్పండి. మాగ్నెట్ మీద సుత్తి వేయకండి, పుల్లర్ కావాలంటే మా ఇంటి గోడకుంది, పిల్ల ఇస్తుంది. బాగుచేసే ఓపిక లేక తూకానికి వేసేయాలనుకుంటే, పాటు మీది కౌలు మాత్రం విప్పి పక్కన పెట్టండి. నాది తుప్పుకి చిల్లులు పడింది, పిల్ల అతుకు మీద అతుకు వేసి నడుపుతోంది. పుదుపేటలో కూడా ఇంకా దొరకలేదు.