చిలక తీసిన ఎనిమిది అంకెలు

విదేశాల నుంచి సరుకు తెప్పించుకునేవాళ్ల కష్టాలు గట్టెక్కాయట. సరుకు పేరు టైపు చేస్తే చాలు, రెప్ప వేసేలోగా ఎనిమిది అంకెల కస్టమ్స్ కోడు, దాని పక్కన సుంకం, ఆ పక్కన ఇంత శాతం నమ్మకం అంటూ ఒక పచ్చగీత చూపించే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. పంజరంలోంచి చిలక నడిచొచ్చి కార్డు తీసినట్టే ఉంటుంది వ్యవహారం. కాకపోతే చిలక జోస్యుడు పాపం నమ్మకానికి శాతాలు కట్టడు.

ఈ విద్యను మా నారాయణఖేడ్‌లో ఒకసారి పరీక్షిద్దాం. ఇక్కడి బజార్లో పురుగుమందుల దుకాణానికి వెళ్లి 'తైవాన్ పంపు' అడిగితే, వీపుకు తగిలించుకుని మందు కొట్టే మిషను తీసి ఇస్తారు. అది తైవాన్‌లోనే పుట్టిందన్న పూచీ ఎవరూ ఇవ్వరు, అడిగే రైతూ లేడు. ఇక పంపు సంగతి. అదే పేరు బిల్లులోకి ఎక్కిందనుకోండి, చిలక ఠక్కున 8413తో మొదలయ్యే కార్డు తీస్తుంది. అది ద్రవాలను తోడే పంపుల గది. మందు చిమ్మే యంత్రాలు ఉండాల్సింది 8424లో. మిషను మూత విప్పితే లోపలి మోటారుకు 8501, బ్యాటరీకి 8507 అని వేరే నంబర్లున్నాయి. బిల్లు రాసిన గుమాస్తా ఏ మాట ముందు రాస్తే ఆ గదిలోకి మన మిషను వెళ్లి కూర్చుంటుంది. స్ప్రేయర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, కరెంటు పంపుల మీద 18. దిగుమతి సరుకు మీద సుంకంతో పాటు ఇదీ కట్టాల్సిందే. మందు కొట్టేవాడి వీపు మీద బరువు మాత్రం మారదు.

ఈ కోడ్ల పుస్తకం 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని చూసుకునే ప్రపంచ కస్టమ్స్ సంస్థ బ్రస్సెల్స్‌లో ఉంటుంది. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతటికీ ఒకటే, చివరి రెండూ మనవి. 97 అధ్యాయాలు, అందులో 77వది ఇంకా ఖాళీ. ఏ వస్తువు ఏ గదిలోకి వెళ్లాలో తేల్చడానికి ఆరు సూత్రాలున్నాయి. ఒకే వస్తువుకు రెండు గదులు కుదిరితే దాని అసలు స్వభావం ఏమిటో చూడమంటుంది అందులో ఒకటి. ఇక్కడే అసలు కథంతా. కొబ్బరినూనె అసలు స్వభావం ఏమిటి? కూరలో వేసేదా, తలకు రాసేదా? ఇవే కోడ్ల మీద నడిచిన ఓ ఎక్సైజు పన్ను తగాదాలో 2018లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు చెరో మాట చెప్పారు. చివరికి 2024 డిసెంబరు 18న ముగ్గురు కూర్చుని, తలనూనె అని లేబుల్ వేసుకోనంత వరకు చిన్న సీసాలోదైనా వంటనూనే అని తేల్చారు. అమెరికాలో ఎక్స్-మెన్ అనే కామిక్స్ పాత్రల బొమ్మలు మనుషుల బొమ్మలా కాదా అన్నది కోర్టుకెక్కింది. కాదని 2003లో తీర్పు వచ్చింది, బొమ్మల కంపెనీకి సుంకం తగ్గింది. ఇన్నేళ్లు నలిగిన సంగతిని మన చిలక అర సెకనులో తేల్చేస్తుందంటే నమ్మి తీరాలి మరి.

పేరు కోసం ఎవరూ కోర్టుకెక్కరు, రేట్ల మధ్య తేడా కోసం ఎక్కుతారు. ఈస్టిండియా కంపెనీకీ హైదరాబాదు నిజాంకూ మధ్య 1802లో కుదిరిన వ్యాపార ఒప్పందంలో ఏ సరుకుకైనా సుంకం నూటికి ఐదే. సుంకాలు వసూలు చేసే కరోడ్‌గిరి నాకా దగ్గర మూట విప్పి వెల కట్టడం మీద గొడవ పడ్డారేమో గానీ, ఇది నూనా తలనూనా అని తలలు పట్టుకునే పని లేదు.

చిలకకు ఈ తెలివి ఎక్కడిది? పాత బిల్లులు మేపారు. తక్కువ సుంకం పడే గది ఎక్కడుందా అని వెతుక్కుని వెతుక్కుని రాసిన బిల్లులు కూడా ఆ మేతలోనే ఉంటాయి. అది వాటిని అనుభవం అనుకుంటుంది. 2011 నుంచి కోడు వేసుకుని సుంకం లెక్కగట్టుకునే బాధ్యత దిగుమతిదారుదే. తప్పు బయటపడితే మామూలుగా రెండేళ్లు, దాచిపెట్టారని అంటే ఐదేళ్లు వెనక్కి వెళ్లి నోటీసు ఇస్తారు. ఆ నోటీసు మీద చిరునామా సాఫ్ట్‌వేర్ కంపెనీది ఉండదు.

పెద్దవాళ్ల సంగతి చూడండి. పెనుకొండ దగ్గర కార్లు చేసే కియాకు కంప్యూటర్లు తక్కువా, లాయర్లు తక్కువా? కార్నివాల్ కారు విడిభాగాలను వేర్వేరు ఓడల్లో, వేర్వేరు రేవుల గుండా తెప్పించి సుంకం తగ్గించుకున్నారని 15.5 కోట్ల డాలర్ల నోటీసు వచ్చినట్టు 2025లో బయటికొచ్చింది. కంపెనీ కాదంటోంది. అక్కడ బంపరును బంపరు అన్నందుకు కాదు పేచీ. ఆ బంపర్లూ తలుపులూ అన్నీ కలిపితే కారు అవుతుందా అన్నది పేచీ. విప్పి పంపినా కారు కారే అంటుంది ఆరు సూత్రాల్లో ఇంకొకటి. మన చిలక మాత్రం ఒక్కో బిల్లులో ఒక్కో వరుస చదువుకుని, ప్రతి బంపరుకీ పచ్చగీత చూపించి నిద్రపోతుంది.

అన్యాయంగా తిట్టకూడదు. ఒక్క చోట మాత్రం చిలక తిరుగులేకుండా చెబుతుంది. కందులు అని కొట్టండి, 0713 60 00 అని వస్తుంది. బద్ద అయినా గింజ అయినా అదే గది. ఇంత స్పష్టమైన సరుకులో గింజల మీద మాత్రం 2023 మార్చిలో సుంకం సున్నా చేశారు. మయన్మార్ నుంచీ మొజాంబిక్ నుంచీ కందులు దిగుతున్నాయి, కోడు తప్పు పడే పనే లేదు. పసుపు బఠానీకైతే 2023 డిసెంబరులో సుంకం ఎత్తేశారు, 2025 నవంబరు 1 నుంచి 30 శాతం వేశారు. మధ్యలో గడువులు పొడిగిస్తూ పోయారు. ఈ రెండేళ్లలో బఠానీ స్వభావం ఏమీ మారలేదు, నంబరూ మారలేదు. ఖేడ్ చుట్టుపక్కల రైతు జూన్‌లోనో జూలైలోనో కంది విత్తుతాడు, సంక్రాంతికి అటూ ఇటూగా కోస్తాడు. ఆర్నెల్లు దాటే ఆ పంట చేతికొచ్చేలోగా ఢిల్లీలో ఏ నోటిఫికేషన్ సంతకమవుతుందో విత్తే రోజునే చెప్పే బటన్ ఒకటి ఈ సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. ధర ఎంతైనా సరే, ఊరంతా చందాలేసుకుని కొంటాం.