టెలికాం పంచాంగం

డాలస్ నుంచి మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట: "కొత్త ఫోన్ ఫ్రీగా ఇచ్చారు బావా!" ఫ్రీ అంటే మూడేళ్లు ఆ కంపెనీ ప్లాన్‌లోనే పడి ఉండాలి. మధ్యలో జారుకుంటే మిగతాదంతా కక్కాలి. ఇల్లరికపుటల్లుడికి పెట్టే పట్టుబట్టలూ అలాగే ఫ్రీ.

మనకా వైభోగం అబ్బలేదు. 2008లో ఐఫోన్ 3జీ మన దేశానికొచ్చినప్పుడు ధర 31,000 రూపాయలు. అదే అమెరికాలో రెండేళ్ల ఒప్పందం మీద 199 డాలర్లు, అప్పటి లెక్కన తొమ్మిది వేల లోపే.

పోనీ, ఈమధ్య రొక్కం పారేసి దర్జాగా కొందామని భవానీపురం నుంచి బీసెంట్ రోడ్డులో ఫోన్ల కొట్టుకు పోయాను. నోట్లు చూడగానే కుర్రాడి మొహం వాడిపోయింది. "క్యాష్ అయితే ఏం తగ్గదు సార్. కార్డు మీద ఈఎంఐ పెట్టుకోండి, రెండు వేలు తగ్గిద్ది. నో కాస్ట్ సార్!"

అప్పు చేసేవాడికి రాయితీ, దాచుకున్నవాడికి పూర్తి రేటు! పైగా ఈ 'నో కాస్ట్'లో వడ్డీ ఎక్కడికీ పోదు. ముందు ధరలో తగ్గించినట్టు తగ్గించి, వాయిదాల్లో రాబడతారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఆపైన ప్రాసెసింగ్ ఫీజు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే తేల్చింది. కుర్రాడికి చెబితే "అవునా సార్" అని పక్క గిరాకీ వైపు తిరిగాడు.

ఫోన్ సంగతి అంతటితో సరి. అసలు మంట రీచార్జిది. నెల అంటే 28 రోజులట! సూర్యుడికీ చంద్రుడికీ లెక్క కుదరక మన పెద్దలు సుమారు 32 నెలలకో అధిక మాసం పెట్టారు. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చిందందుకే. టెలికాం పంచాంగంలో అధిక మాసం ఏటా వస్తుంది. సంక్రాంతితో పని లేదు, తిథి ద్వయం లేదు, దృక్‌సిద్ధాంతమా పూర్వసిద్ధాంతమా అన్న తగువూ లేదు. 365ని 28తో భాగిస్తే 13, శుభం! అధిక మాసంలో పెళ్లిళ్లు చేయరు, గృహప్రవేశాలు చేయరు. రీచార్జి మాత్రం చేయాల్సిందే. పెళ్లిళ్లు లేక మా వీధి పంతులుగారికి ఆ నెల రాబడి ఉండదు. పాపం ఆయనదీ 28 రోజుల ప్లానే. నా 299 రూపాయల ప్లాన్‌కు 13 సార్లంటే 3,887. ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండానే జీవితాంతపు ఒప్పందం!

జీవితాంతం అంటే గుర్తొచ్చింది. 2005 చివర్లో లైఫ్‌టైమ్ ఇన్‌కమింగ్ అని 999 రూపాయలకు అమ్మారు. మా అమ్మకు ఒకటి తీసిచ్చాను. ఆవిడ ఎవరికీ చేసేది కాదు, మేం చేస్తామని పక్కనే పెట్టుకునేది. కొన్నేళ్లకు నెలనెలా ఎంతో కొంత వేయకపోతే ఇన్‌కమింగూ ఆగిపోతుందన్నారు. అమ్మ ఉండగానే ఆవిడ లైఫ్‌టైమ్ అయిపోయింది. ఓసారి రీచార్జి మర్చిపోయాం. ఎవరూ చేయడం లేదని ఆవిడ అనుకుందే తప్ప, ఆగిపోయిందని అనుకోలేదు.

30 రోజుల ప్లాన్ ఒకటైనా ఉంచాలని 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. యాప్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. వేలు నొప్పెట్టినా సరే, వెతికి అదే వేయించుకోండి.