మా రోజుల్లో క్యాసెట్‌కి రెండు వైపులుండేవి

ఒరేయ్ అబ్బాయ్, ఆ చెవుల్లోని తెల్ల పుల్లలు ఓసారి తీసి నా మాట విను. మొన్న వచ్చి "బాబాయ్ గారూ, కంట్రీ పాటల్లో జాజ్ కలిపిన ప్లేలిస్టు దొరికింది, భలే కొత్తగా ఉంది" అన్నావు చూడు, అప్పట్నించీ నాకు అన్నం సయించడం లేదు. కొత్తేమిట్రా? మీ నాన్న పెళ్ళిచూపులకి బయల్దేరకముందే, 1989లో, మన హ్యూస్టన్‌కి ఉత్తరాన ఉన్న క్లైన్ కుర్రాడు ఆ పని చేసి చూపించాడు. పేరు లైల్ లవెట్. పేరు చెప్పీ చెప్పకముందే ఫోను గీకి "ఓ, జూలియా రాబర్ట్స్ మాజీ మొగుడా!" అన్నావు. అదీ మీ తరం వరస. మనిషి రాసిన పాటలన్నీ గాలికిపోయాయి, రెండేళ్ళు కూడా నిండీ నిండని కాపురం మాత్రం ఫోనులో పదిలంగా ఉంది.

ఆ ఆల్బమ్ పేరు 'లైల్ లవెట్ అండ్ హిజ్ లార్జ్ బ్యాండ్'. నా దగ్గర క్యాసెట్ ఉండేది. సెకండ్ హ్యాండ్ కారు, ఏసీ ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఆగస్టు ఎండలో 45వ నంబరు హైవే మీద కిటికీలు దించుకుని పోతూ వినేవాణ్ణి. మొదటి పాట 'ది బ్లూస్ వాక్'. క్లిఫర్డ్ బ్రౌన్ అనే ట్రంపెట్ వాద్యగాడు కట్టిన జాజ్ బాణీ. శాక్సఫోన్లూ ట్రంపెట్లూ కట్టగట్టుకుని ఊదేస్తుంటే కంట్రీ గాయకుడుగారు అసలు నోరే విప్పడు! సొంత ఆల్బమ్, మొదటి పాట, ఒక్క మాట లేదు. ఇవాళ ఎవడన్నా అలా చేస్తే నువ్వు మూడో సెకనుకి బొటనవేలితో పక్కకి నెట్టెయ్యవూ? మేం నెట్టలేదు. నెట్టడానికి బొటనవేలికి అందే బొత్తాం మాకు లేదనుకో, అది వేరే సంగతి.

ఆ తర్వాతది 'హియర్ ఐ యామ్'. అందులో సగం పాట కాదు, కబుర్లు. బాకాలు ఒక్కసారి ఘొల్లుమని ఆగుతాయి, ఆ ఖాళీలో ఇతను ఏ బ్యాంకు గుమాస్తాయో మాట్లాడుతున్నంత నింపాదిగా ప్రేమ గురించీ జీవితం గురించీ ఏదో తత్వం మొదలుపెడతాడు. మళ్ళీ బాకాలు. మళ్ళీ తత్వం. తిప్పి తిప్పి చివరికి తెచ్చి చీజ్‌బర్గర్ దగ్గర దింపుతాడు. నేను శాకాహారిని, అయినా ఆ చోటు వస్తే ఇప్పటికీ నవ్వాగదు. ఆ వైపు ముగిసే చోట ఫ్రాన్సిన్ రీడ్ అనే ఆవిడ వచ్చి అతనితో కలిసి పాడుతుంది. ఆవిడ గొంతు విప్పితే ఎదుటి మగాడు ఎంతటివాడైనా కాస్త సర్దుకు కూర్చోవాల్సిందే.

అక్కడికి 'టక్' మని క్యాసెట్ ఆగేది. తీసి, తిప్పి, మళ్ళీ తోసేలోపు టైర్ల చప్పుడు ఒక్కటే వినిపించేది. రెండో వైపు బాకాలు వెనక్కి తగ్గుతాయి. అసలైన టెక్సస్ కంట్రీ. 1968లో టామీ వైనెట్ పాడిన 'స్టాండ్ బై యువర్ మ్యాన్' అందులో ఉంది. ఆడది మొగుణ్ణి అంటిపెట్టుకుని ఉండాలని చెప్పే పాటని ఈ మగాడు ఒక్క ముక్క మార్చకుండా, వెటకారం లేకుండా, బుద్ధిగా పాడేస్తాడు. కాసేపటికి 'నోబడీ నోస్ మీ', గదిలో పక్కన కూర్చుని చెప్పుకున్నట్టు. ఇంత ఊదుడు విన్నాక ఆ నెమ్మది ఎంత హాయిగా ఉంటుందో నీకెలా చెప్పను? నువ్వు షఫిల్‌లో వింటావు. పప్పూ పాయసం ఒకే గుంటలో కలుపుకుని తిన్నట్టు! మధ్యలో కారు ఇన్సూరెన్స్ ప్రకటన నంజుకోడానికి.

పైగా ఆ బ్యాండంతా మనుషులురా, మనుషులు. ఊరూరా బస్సుల్లో తిప్పాలి, అందరికీ తిండి పెట్టాలి, జీతాలివ్వాలి. ఇప్పుడు ఒక్కడు పడగ్గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని నాలుగు ట్రంపెట్లు మీటతో నొక్కుతున్నాడు. ఊపిరి పీల్చుకోవక్కర్లేని ట్రంపెట్!

సరే, కంట్రీకీ జాజ్‌కీ లవెట్ చేసిందే మొదటి పెళ్ళేం కాదు. 1930ల్లోనే బాబ్ విల్స్ అనే ఫిడేలు వాయించే పెద్దమనిషి తల్సాలోని కెయిన్స్ బాల్‌రూమ్‌లో ఫిడేళ్ళ పక్కన శాక్సఫోన్లూ ట్రంపెట్లూ నిలబెట్టి జనం చేత డాన్సులు చేయించాడు. నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఓప్రీ స్టేజీ మీద డ్రమ్ము కనిపిస్తే మొహం చిట్లించే రోజులవి. అప్పటి ముసలాళ్ళు 'సంగీతం భ్రష్టుపట్టింది' అని తిట్టుకునే ఉంటారు. అలా భ్రష్టుపట్టిన దాన్నే 2011లో టెక్సస్ చట్టసభ రాష్ట్ర అధికారిక సంగీతమని తీర్మానం చేసింది. మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? హార్మోనియం లేకపోతే మన స్టేజీ మీద పద్యం నిలబడేదే కాదు, ఆలిండియా రేడియో ఏమో 1940లో దాన్ని గుమ్మం దాటనివ్వనంది. కాబట్టి అప్పటి ముసలాళ్ళదంతా చాదస్తం. నాది మాత్రం న్యాయం. తేడా ఏమిటని అడక్కు, పెద్దవాళ్ళని ప్రశ్నలడక్కూడదు.

లవెట్ ఆల్బమ్ వచ్చిన మరుసటి ఏడు దానికి గ్రామీ ఇచ్చారు. దేనికనుకున్నావు? ఉత్తమ కంట్రీ గాయకుడికి! సగం ఆల్బమ్ జాజ్ ఊదినవాడికి. అప్పట్లో ఇచ్చేవాళ్ళకీ చెవులుండేవి.

2022లో మళ్ళీ బ్యాండ్‌తో వచ్చాడు, 'ట్వెల్త్ ఆఫ్ జూన్'. లేక లేక పుట్టిన కవలల పుట్టినరోజే పేరు. ఈసారీ మొదట్లో నోరు విప్పలేదు, హోరస్ సిల్వర్ బాణీ ఊదించాడు. తర్వాత ప్యాంటు తొడుక్కోనని మారాం చేసే పిల్లాడి మీద ఓ పాట. వేసుకోనంటే చెవి మెలేసి తొడిగేవాళ్ళం మేం, పాట కట్టలేదు. మా మనవరాలు దాన్ని నా ఫోన్‌లో పెట్టిచ్చింది, రోజూ వాకింగ్‌లో వింటున్నా. వింటున్నానంటే ఫోన్లకి ఒప్పుకున్నానని కాదు.

నువ్వో పని చెయ్. ముందు ఆ షఫిల్ ఆపు. ఎలా ఆపాలో నాకు తెలీదు, నీకు తెలుసుగా. 1989 నాటిది పెట్టి మొదటి ఆరూ వరసగా విను. ఆపు. లేచి వెళ్ళి కాఫీ కలుపుకో. తర్వాత మిగిలిన ఆరూ విను. నచ్చితే ఫోన్ చెయ్. నచ్చకపోతే మాత్రం ఆ సంగతి నా దాకా రానివ్వకు.