చక్రగృహస్థు

లోకమున ఇల్లు విడిచి తిరుగువాడు సన్యాసి. ఇల్లు కట్టుకొని కదలనివాడు గృహస్థు. ఈ రెండాశ్రమముల సుఖములను ఒకేమారు చూరగొనవలెనని బయలుదేరి, తుదకు రెండింటి క్లేశములను మాత్రమే మూటగట్టుకొన్న అయిదవ ఆశ్రమవాసి యొకడు ఈ నడుమ అవతరించినాడు. అతడే పాత మోటారుహోము కొని ఏడాది గడపిన పెద్దమనిషి.

నేనెరిగిన వారిలో అగ్రగణ్యుడు రాయపురమునకు తూర్పున, 53వ జాతీయరహదారి మీది మందిర్ హసౌదులో కాపురముండును. 1931లో పూర్తియైన పార్వతీపురము–రాయపురము రైలుమార్గము వెంట వలసవచ్చిన తెలుగువారి మనుమడు. విజయదశమి వెళ్లిన మంగళవారమున విజయనగరములో జరుగు పైడితల్లి సిరిమానోత్సవమునకు ఏటేటా స్వగృహముతోనే తరలిపోవలెనను సంకల్పముతో మంచము, పొయ్యి, తొట్టి అమర్చిన పాత వ్యానొకటి కొన్నాడు.

పూర్వము రాజకీయములు మాటలాడెడివాడు. ఇప్పుడు ఆంపియర్లు మాటలాడును. బ్యాటరీ 12 వోల్టులది, 100 ఆంపియర్-అవర్లది. లెక్కకు 1200 వాట్-అవర్లేగాని, సీసపు బ్యాటరీని సగమునకు మించి పిండినచో ఆయుఃక్షీణము. మిగిలిన 600తో వెయ్యి వాట్ల ఏసీ అరగంట నడచుటయే గగనము. ఈ సత్యము ఛత్తీస్‌గఢపు మే నెల మధ్యాహ్నమున ఆయనకు గణితమువలన గాక చెమటవలన బోధపడినది. వెంటనే బండికప్పుపై సౌరఫలకమును బిగించినాడు. అంత వేడిగల సమతల స్థలము ఇల్లు మొత్తములో మరొకటి లేదని గ్రహించిన ధర్మపత్ని దానిపై గుమ్మడి వడియములు పెట్టినది. బ్యాటరీ నిండలేదుగాని, ఆ యేడు వడియములు మాత్రము దివ్యముగా ఎండినవి.

1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము, బండి స్వరూపమును మార్చువాడు రిజిస్ట్రేషను పత్రమును సవరింపించుకొనవలెను. మునుపటి యజమాని ఆ ఊసే ఎత్తలేదు. కాగితముపై పండ్రెండు సీట్లు, బండిలో ఒక మంచము! అందుచేత ఖాకీరంగు కంటబడినంతనే, అది ధాబా పరిచారకుని చొక్కాయైనను సరే, ఆయన కరములు అప్రయత్నముగా ముకుళించును.

ఊరిలోని చమురు డిపోల యెదుట వరుసదీరు ట్యాంకరు డ్రైవర్లకు ఆయన తన బండి విశేషములను వర్ణించి చెప్పుట నిత్యకృత్యము. ఒకనాడు శ్రీకాకుళపు డ్రైవరొకడు, బండినీడన అన్నము వార్చుకొనుచు, సాంతము విని, “బాబూ, మేం ఇరవయ్యేళ్లబట్టీ లారీలోనే వండుకుంతన్నాం, తొంగుంతన్నాం. దీనికి ఎదురు డబ్బులిచ్చీసినారేటి?” అని నిష్కల్మషముగా అడిగినాడు. ఆనాడు సాయంకాలము వరకు చక్రగృహస్థునకు మాట పెగలలేదు. మరునాడు యథాప్రకారము మరియొక డ్రైవరును పట్టుకొన్నాడు.

సిరిమానోత్సవము వచ్చినది. నీటిపంపు చెడి బండి మెకానిక్కు చెంత నుండుటచే సకుటుంబముగా రైలెక్కినాడు. దారిపొడవునా తోడి ప్రయాణికులకు మోటారుహోము మహిమను ఉపన్యసించి, రాత్రి బెర్తుపై మేను వాల్చి, “ఇంత యిరుకుచోట మనుష్యుడెట్లు నిద్రించును!” అని నిట్టూర్చినాడు. ఎదుటి బెర్తుపైనున్న ఇల్లాలు బదులు పలుకలేదు. వ్యానులోని పరుపు కొలతలు ఆమెకు కంఠస్థము, ఏలయన దానిని కుట్టించినది ఆమెయే. అది ఈ బెర్తుకంటె నాలుగంగుళములు తక్కువ.