పాలకు పదేళ్ల పద్దు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమెరికా సెనేట్ పెడుతుంది. 2021 డిసెంబరు 15న 88–11 ఓట్లతో 76,800 కోట్ల డాలర్ల రక్షణ బిల్లును గట్టెక్కించింది. అప్పటి అధ్యక్షుడు బైడెన్ అడిగినదానికన్నా ఇది దాదాపు 2,500 కోట్లు ఎక్కువ. అదీ ఎప్పుడు? ఇరవయ్యేళ్ల అఫ్గాన్ యుద్ధం చాలించి సైన్యం ఇల్లు చేరి నాలుగు నెలలైనా కాకముందు. యుద్ధం జరిగితే ఖర్చు పెరుగుతుంది, ఆగితే ఇంకా పెరుగుతుంది. ఇది మన బుర్రకెక్కకపోతే తప్పు బుర్రది.

సరిగ్గా ఆ రోజే పిల్లలున్న ఇళ్ల ఖాతాల్లో పన్ను రాయితీ సొమ్ము ఆఖరి విడత పడింది. ఆరేళ్లలోపు బిడ్డకు నెలకు 300 డాలర్లు, ఆ పై వయసు పిల్లలకు 250. జులైలో మొదలై ఆరు నెలలు వచ్చింది. అక్కడి మన తెలుగు ఇళ్లలోనూ కొందరికి అందింది. దాన్ని కొనసాగించాలని 'బిల్డ్ బ్యాక్ బెటర్' బిల్లులో రాసుకున్నారు. సెనేట్‌లో అప్పుడు బలాబలాలు 50–50. వెస్ట్ వర్జీనియా డెమోక్రాట్ జో మాంచిన్ గారు తలూపితే పని అయిపోయేది. రక్షణ బిల్లుకు నిలువుగా ఊగిన ఆ తల, నాలుగు రోజులు తిరక్కుండా టీవీ తెర మీద అడ్డంగా ఊగింది. మా రాష్ట్ర ప్రజలకు వివరించి చెప్పలేనిదానికి ఓటెయ్యలేనన్నారు.

పాపం, నిజమే. పాలూ డైపర్లూ కొనడానికి మూడొందలు ఎందుకని పిల్లల తల్లికి వివరించడం మాటలా!

అసలు గమ్మత్తు లెక్కలో ఉంది. పిల్లల సొమ్మున్న ఆ బిల్లు 1.75 లక్షల కోట్ల డాలర్లని గుండెలు బాదుకున్నారే, అది పదేళ్లకు వేసిన పద్దు. రక్షణది ఒక్క ఏడాదిది. దాన్నీ పదితో గుణిస్తే ఏడున్నర లక్షల కోట్లు దాటుతుంది. రాయితీని ఏడాదికే పొడిగిస్తామన్నా మాంచిన్ గారు వినలేదు. మొదలెట్టిన పథకం ఆగదు కాబట్టి పదేళ్ల ఖర్చూ ఇప్పుడే చూపించాలన్నారు. మరి రక్షణ ఖర్చు ఏ ఏడు ఆగింది స్వామీ?

ఆ డబ్బు తల్లిదండ్రులు మత్తుమందులకు తగలేస్తారని ఆయన తోటి సభ్యుల దగ్గర అనుమానపడ్డారనీ పత్రికల్లో వచ్చింది. అనుమానం మంచిదే. ఆ నవంబరులోనే రక్షణ శాఖ పెంటగాన్ వరసగా నాలుగోసారి ఆడిట్‌లో తప్పింది. దాని జేబులు తడిమిన వాళ్లు లేరు.

ఆయన సొంత రాష్ట్రం బొగ్గు గనుల రాష్ట్రం. బొగ్గు ధూళికి ఊపిరితిత్తులు నల్లబడిన కార్మికుల సాయనిధికి డబ్బొచ్చేది బొగ్గు కంపెనీలు కట్టే పన్నులోంచి. పన్ను రేటు తగ్గకుండా ఆపే మాట కూడా 'బిల్డ్ బ్యాక్ బెటర్' బిల్లులోనే ఉంది. ఆయన కాదన్న మర్నాడే, మరోసారి ఆలోచించమని గని కార్మికుల యూనియన్ బతిమాలింది. జనవరి 1న పన్ను సగానికి పైగా పడిపోయింది. మరుసటి ఆగస్టులో మాంచిన్ గారే కలిసి రాసిన చట్టంతో పాత రేటు తిరిగొచ్చింది, ఆ మాట దాచకూడదు. పిల్లల సొమ్ముకు మాత్రం అందులో చోటు దొరకలేదు.

ధరలు మండుతున్నాయి కదా అన్నారు. కాదన్న నాటికి ద్రవ్యోల్బణం 6.8 శాతం. 2022 మేలో, అది 8 దాటాక, ఉక్రెయిన్‌కు దాదాపు 4,000 కోట్ల డాలర్ల బిల్లు 86–11తో నెగ్గింది. అందులో ఆయన ఓటూ ఉంది. ఉక్రెయిన్‌ను ఆదుకోవద్దని ఎవరూ అనరు. నెలల పిల్లాడి పాలసీసా పెంచే ధరల్ని క్షిపణి పెంచదన్న అర్థశాస్త్రమేదో మనకూ నేర్పితే బాగుండేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

2021లో 5.2 శాతానికి దిగిన పిల్లల పేదరికం 2022లో 12.4కు ఎగబాకిందని అమెరికా జనగణన శాఖే లెక్క తేల్చింది. పెంటగాన్ అయిదోసారి ఆడిట్‌లో తప్పింది. ఆ ఏడాది కూడా డిసెంబరు 15నే సెనేట్ రక్షణ బిల్లును ఆమోదించింది. ఈసారి 85,800 కోట్ల డాలర్లు. మాంచిన్ గారి ఓటు, అనుకూలం.