గోడ ముందు బావమరిది

మా బావమరిది ఇల్లు పూర్తి కావొచ్చింది. ఈ మాట ఉగాది పచ్చడి తింటూ చెప్పాడు, రాఖీ కట్టించుకుంటూ చెప్పాడు, దసరాకి జమ్మి ఆకు చేతిలో పెడుతూ మళ్లీ చెప్పాడు. ఇల్లు కట్టేవాళ్ల వ్యాకరణంలో భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలతో పాటు ‘కావొచ్చింది’ అని నాలుగో కాలం ఒకటి ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

తుర్కయంజాల్ దాటాక 167 గజాలు, తూర్పు ముఖం, కింద ఒక వాటా, పైన ఒక వాటా. స్లాబు దాకా అందరిలాగే కట్టాడు. స్లాబు రోజు మబ్బు పడితే కనబడ్డ దేవుడికల్లా మొక్కాడు, పనివాళ్లకి మటన్ పెట్టాడు, సాయంత్రానికి జ్వరం తెచ్చుకున్నాడు. ఫొటో తీయాలన్న ధ్యాస ఎవరికీ లేదు. గోడలు లేచాక మేనకోడలు ఇంజనీరింగు కాలేజీ సెలవులకి ఇంటికొచ్చింది. అక్కణ్నుంచి మొదలైంది.

అనుభవం లేనివాళ్లకి ఒక సంగతి చెప్పాలి. పునాది నుంచి స్లాబు దాకా ఇల్లు రోజూ కాస్త పెరుగుతుంది, పోయిన డబ్బు కంటికి కనబడుతుంది. ఫినిషింగులోకి వచ్చాక ఇల్లు ఎదగడం మానేస్తుంది, బిల్లు మాత్రం ఎదుగుతూనే ఉంటుంది. రెండు లక్షలు పోసి వచ్చాక కూడా ఇల్లు నిన్నటిలాగే కనబడితే మనిషికి బెంగ పుట్టదా? ఆ బెంగతోనే ఫోను తీస్తాడు.

నన్ను అడక్కుండానే ‘మన ఇల్లు – ఫినిషింగ్’ అన్న వాట్సాప్ గ్రూపులో చేర్చేశారు. 43 మంది సభ్యులం. నేను కిస్తీ కట్టని ఇంటిని ‘మన’ అనుకోవడానికి మొదట్లో మొహమాటపడ్డాను. ఆ కిస్తీ వేరే రూపంలో ఉందని తర్వాత తెలిసింది. పొద్దున ఆరున్నరకి నీళ్లు కొట్టిన గోడ ఫొటో వస్తుంది. ఎనిమిది లోపు దాని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాలి. పెట్టకపోతే మధ్యాహ్నానికల్లా మా ఆవిడకి ఫోను: “బావకి మా ఇల్లు నచ్చలేదా అక్కా?”

ఒక ఫొటోలో సిమెంటు బస్తా. రెండోదాంట్లో బస్తా పక్కన మావాడు. మూడోదాంట్లో దాని మీద చెయ్యి వేసుకుని మావాడు, చిన్ననాటి స్నేహితుడు చాన్నాళ్లకి దొరికినట్టు. కమోడు వచ్చిన రోజు అట్టపెట్టె విప్పడం దగ్గర్నుంచి ఏడు నిమిషాల వీడియో. డాలస్‌లో ఉన్న కొడుకు అర్ధరాత్రి మేలుకుని అదంతా చూసి, “సూపర్ నాన్నా, ఎస్ ట్రాపా, పీ ట్రాపా?” అని అడిగాడు. ఆ ప్రశ్న మీద గ్రూపులో మూడు రోజులు వాదన నడిచింది. పెద్దాయన ఒకరు అందులోకి రాజకీయాలు కూడా తెచ్చారు, ఏ దారిన తెచ్చారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఒక ఆదివారం చూసొద్దామని వెళ్లాను. హాల్లో పెయింటరు లప్పం పడుతున్నాడు. బీహార్ నుంచి వచ్చిన కుర్రాడు. కనుబొమల దాకా తెల్లటి పొడి. ఎడమచేతి రేకు మీద లప్పం ముద్ద, కుడిచేతిలో ఇంకో రేకు. కాస్త తీసుకుని గోడకి ఆనించి పైనుంచి కిందికి ఒక్క ఊపున లాగుతున్నాడు. గీత లేదు, గంటు లేదు. ఇలా రెండు కోట్లు పట్టి, ఎండాక కాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, ఆ పైన రంగు రెండుసార్లు వేయాలి. పనితనమంతా ఈ లాగుడులోనే ఉంది, రంగు కింద పోయాక మళ్లీ ఎవరికీ కనబడదు. నిలబడి చూడదగ్గ పని. నేను చూస్తున్నాను. మేనకోడలు స్టూలెక్కి ఫోను నిలువుగా పట్టుకుంది.

“భయ్యా, రుకో. ఫిర్ సే కరో. లైట్ నహీ ఆయా.”

కుర్రాడు లాగిన చోటే మళ్లీ లాగాడు.

“భయ్యా, థోడా స్మైల్.”

కుర్రాడు నవ్వాడు. నవ్వితే చెయ్యి వణికింది, గోడ మీద గంటు పడింది. అది సరిచేయడానికి ఇంకోసారి. ఈలోగా మావాడు చొక్కా మార్చుకుని వచ్చాడు. రేకు తానే పట్టుకుని, ‘మా ఇంటి గోడకి నా చేత్తో లప్పం’ అని ఇంకో వీడియో. అది చెరపడానికి మరోసారి. ఆ పూట ఆ గోడకి మొదటి కోటు నాలుగుసార్లు పడింది. కూలి చదరపు అడుగు లెక్కన మాట్లాడుకున్నారు కాబట్టి ఎక్కువైన మూడుసార్లూ కుర్రాడి ఖాతాలోనే. ఈ ఇంట్లో తలుపులకి పట్టిన టేకు కన్నా వీడియోలకి పట్టిన టేకులే ఎక్కువ.

అసలు టేకు సంగతి కూడా చెప్పుకోవాలి. సింహద్వారానికి బల్లార్షా టేకు అని షాపువాడు చెప్పాడు, మావాడు నమ్మాడు. వడ్రంగి చెక్క వాసన చూసి ఏమీ అనలేదు. వంటగట్టుకి చీమకుర్తి గ్రానైటు, బ్లాక్ గెలాక్సీ. నిజంగానే మంచి రాయి, నల్లటి ఒంటి మీద రాగి చుక్కలు. ఆ చుక్కలు ఫొటోలో పడట్లేదని మా చెల్లెమ్మ, అంటే మావాడి భార్య, ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో ఫోను పట్టుకుని గంటసేపు గట్టు చుట్టూ తిరిగింది. “అన్నయ్యా, మీరు కాస్త ఈ టార్చి పట్టుకోండి” అంటే పట్టుకున్నాను. ఆ ఫొటోలో నా నీడ పడింది. గ్రూపులో దాని కింద ఎవరో ‘నీడ ఎవరిది?’ అని అడిగారు.

మా నాన్న 1979లో ఊళ్లో ఇల్లు కట్టాడు. సిమెంటు మీద అప్పుడు కంట్రోలు ఉండేది, పర్మిట్ ఉంటేనే బస్తా. 1982లో కాస్త సడలించి, 1989లో పూర్తిగా ఎత్తేశారు. కాబట్టి మా ఇంటి మొదటి డాక్యుమెంటు పర్మిట్ కాగితం. రెండోది నాన్న లెక్కల పుస్తకం. ‘మేకులు రెండు కిలోలు. టీలు ఆరు. సుతారి రాలేదు, మేనమామ పోయాడట. ఇది మూడో మేనమామ.’ ఇలా సాగుతుంది. మూడోది గృహప్రవేశం నాడు స్టూడియో ఆయన వచ్చి తీసిన ఒకే ఒక్క ఫొటో. గడప, తోరణం, అమ్మ, కలశం, ఆవు తల. నాన్న లేడు. ఆవుని పట్టుకుని పక్కన ఉండిపోయాడు, ఆయన చేతిలోని తాడు కొస మాత్రం పడింది. వైర్లు గోడల మీద చెక్క బద్దీల వెంట బాహాటంగా పరుగెత్తేవి. నీళ్లు బావిలో ఉండేవి. గోడలో దాచుకోడానికి మా ఇంటి దగ్గరేమీ లేదు.

ఆ ఊళ్లోనే ఇప్పుడు ఒకామెకి ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. 5 లక్షలు, నాలుగు విడతలు. పునాది అయ్యాక ఒకటి, గోడలయ్యాక ఒకటి, స్లాబయ్యాక ఒకటి, మొత్తం పూర్తయ్యాక చివరిది. ప్రతి దశలోనూ అధికారులు వచ్చి, ఇల్లు ఫలానా చోటే ఉందని తేలేలా యాప్‌లో జియోట్యాగ్ ఫొటో ఎక్కించాలి. మొన్న వెళ్లినప్పుడు చూశాను. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గోడకి బెత్తెడు దూరంలో నిలబడి, నవ్వకుండా ఫోను వైపు చూసింది. సిగ్నల్ అందక ఫొటో ఎక్కలేదు, అలాగే ఎండలో నిలబడింది. అక్కడ ఫొటో పడితే బిల్లు పడుతుంది. మావాడింట్లో బిల్లు పడ్డప్పుడల్లా ఫొటో పడుతోంది.

ఒక్కసారి మాత్రం ఫొటో మావాడి ప్రాణాల మీదికొచ్చింది. మేనకోడలి స్నేహితుడెవరో డ్రోన్ తెచ్చి ఇంటిని పైనుంచి తీశాడు. అద్భుతంగా వచ్చింది. పిట్టగోడ, వాటర్ ట్యాంకు, వాటితో పాటు ప్లానులో లేని ఒక గది. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం ‘నేను నిబంధనల మేరకే కడతాను’ అని యజమానే రాసిచ్చి అనుమతి తెచ్చుకుంటాడు, మాట తప్పితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. మావాడు పరుగున వచ్చి గ్రూపులోంచి ఆ వీడియో తీసేయించాడు. అప్పటికే 43 మందిలో 19 మంది దాన్ని స్టేటస్‌గా పెట్టుకున్నారు. ‘పైన ఆ గది ఏంటి బాబాయ్, బాగుంది’ అని ఒకడు. రాత్రికి రాత్రి ఆ గది పేరు ‘మెట్ల కప్పు’ అయింది.

మాఘంలో ముహూర్తం పెట్టారు. ఇల్లు ముహూర్తం దగ్గరికి నడవలేదు, ముహూర్తమే ఇంటి మీదికి వచ్చిపడింది. ఆఖరి పది రోజులూ ప్లంబరు, వడ్రంగి, ఎలక్ట్రీషియన్, పాలిష్ మిషను, ఫాల్స్ సీలింగ్ వాళ్లు ఒకేసారి ఇంట్లో ఉన్నారు. ఒకడు తుడిచిన చోట ఇంకొకడు దుమ్ము పోస్తాడు. అద్దం బిగించే కుర్రాడు వచ్చింది ఆ రద్దీలోనే. డైనింగులో చేతులు కడుక్కునే బేసిన్ పైన అద్దం పెట్టాలి.

కుర్రాడు బుద్ధిమంతుడు. డ్రిల్లు ఆనించే ముందు అడిగాడు.

“సార్, ఈ గోడలో పైపు ఎటు పోయింది?”

“పైపా? బేసిన్‌కి కదా, కిందుంటుంది” అన్నాడు మావాడు, ప్లంబింగు తనే చేసినంత ధీమాగా.

మొదటి రంధ్రం బాగానే పడింది. రెండోదానికి డ్రిల్లు చప్పుడు మారింది. కుర్రాడు వెనక్కి తీశాడో లేదో గోడలోంచి నీళ్లు తన్నుకొచ్చి ఎదుటి గోడ మీది కొత్త రంగుని తాకాయి. చెల్లెమ్మ అరచెయ్యి రంధ్రానికి అడ్డం పెట్టింది. మావాడు మేడెక్కాడు. అక్కడ ఆరు వాల్వులున్నాయి, దేనికేదో తెలియదు, ఆరూ కట్టేశాడు. ఈ హడావిడిలో మేనకోడలి గొంతు ఒక్కటే స్పష్టంగా వినిపించింది: “నాన్నా, ఇంకోసారి మెట్ల మీంచి పరుగెత్తుకుంటూ రావా?” ఆ వీడియోకి ఇంతవరకూ ఈ ఇంట్లో దేనికీ రానన్ని లైకులొచ్చాయి.

పైపు బాగుచేయాలంటే అదెటు పోయిందో తెలియాలి. “ఫొటోలున్నాయి కదా!” అన్నారు అందరూ ఒక్కసారిగా. నిజమే, నాలుగు వేల పైచిలుకు. డాలస్ అబ్బాయి వాటన్నిటినీ తేదీల వారీగా క్లౌడులో సర్ది పెట్టాడు. వెతకడం మొదలైంది. బస్తాతో మావాడు, ఇసుక కుప్ప మీద మావాడు, మెట్ల మీద సకుటుంబంగా. చివరికి దొరికింది. ప్లాస్టరింగుకి ముందు రోజు. ఎర్ర ఇటుక గోడ, గాడి కొట్టి అందులో కూర్చోబెట్టిన సీపీవీసీ పైపు. సరిగ్గా మనకి కావాల్సిన గోడే.

దాని ముందు మావాడు. పసుప్పచ్చ హెల్మెట్, విరుచుకున్న ఛాతీ, ఎత్తిన బొటనవేలు, 96 కిలోలు. పైపు అతని కుడి చెవి పైనుంచి లోపలికి వెళ్లి ఎడమ మోకాలి దగ్గర బయటికొస్తుంది. మధ్యలో ఏ దారిన పోయిందో పైవాడికి ఎరుక. ఆ గోడవి ఇంకా పది ఫొటోలున్నాయి. భంగిమలు వేరు, మావాడు ఒక్కడే. ఒకదాంట్లో మాత్రం పక్కకి తప్పుకున్నాడు, ఆ ఖాళీలో చెల్లెమ్మ నిలబడింది.

అంచనా వేసి మూడు టైల్స్ పగలగొట్టారు. పైపు వాటి వెనక లేదు. అప్పుడు పాత ప్లంబరుకి ఫోను చేశారు. చివరి బిల్లు దగ్గర గొడవపడి పంపేసిన మనిషి. “నా దగ్గర ఉంది సార్, పంపిస్తా, ఆ మూడు వేలు కూడా చూడండి” అన్నాడు. ఒకే ఒక ఫొటో పంపాడు, కాస్త మసకగా. గోడ, పైపు, నేల నుంచి పైకి లాగిన టేపు. నాలుగున్నర అడుగుల గీత దగ్గర టేపుని నొక్కిపెట్టిన ఒక బొటనవేలు, గోటికింద మట్టి.

“ఇదెందుకు తీశావయ్యా?”

“రేపు మీరే ఫోను చేస్తారు కదా సార్.”

గృహప్రవేశం బాగా జరిగింది. పాలు పొంగాయి, ఆవు ఇబ్బంది పెట్టలేదు, పప్పుచారు ఘుమఘుమలాడింది. ఫొటోలు నాలుగు వేలు దాటి అయిదు వేలకి పోయాయి. బేసిన్ పైన అద్దం ఇంకా పెట్టలేదు. మూడు టైల్స్ ఉండాల్సిన చోట వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వేలాడుతోంది. ఆ డిజైను టైల్స్ ఇప్పుడు రావట్లేదని షాపువాడు తేల్చేశాడు.

మీలో ఎవరైనా ఈ నెలలో గోడలకి గాడులు కొట్టిస్తుంటే ఒక మనవి. ప్లాస్టరింగుకి ముందు, టేపు ఆనించి, గోడకొక ఫొటో చొప్పున తీసి పెట్టుకోండి. తీసేటప్పుడు దయచేసి ఆ గోడ ముందు ఎవరూ నిలబడకండి.